నా చిగుళ్ళ సంగతి చెప్పినావిడ

ఇప్పుడు నా ముందు వరసలో రెండు కట్టుడు పళ్ళు. మిగతావి నావే. వాటిని నిలబెట్టడానికి గుడివాడ డాక్టరమ్మ ఏడెనిమిది నెలలు కష్టపడింది. రక్తం ఆగింది, వాపు తగ్గింది, షుగరు అదుపులోకి వచ్చింది. జబ్బు గురించే అయితే ఇంత చెప్పి ఊరుకోవచ్చు. కానీ జబ్బు ముదిరిన ఆ మూడేళ్ళూ నేను ఎలాంటి మనిషిగా ఉన్నానో చెప్పకుండా జబ్బు సంగతి ఒక్కటే రాస్తే సగం దాచినట్టే. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చించేశాను. ఇది ఐదోసారి.

నేను బందరు దగ్గర ఒక ఊళ్ళో హైస్కూల్లో సోషల్ మాస్టారిని. పేరు నాగేశ్వరరావు. మాది నాగాయలంక అవతల సముద్రాన్ని నమ్ముకుని బతికే పల్లె. నాన్న వేటకి వెళ్ళేవాడు. అమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మేది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లో, నేను గదిలోకి రాగానే ఒకడు "నీచు కంపొస్తంది, కిటికీ తియ్యండ్రా" అనేవాడు. మిగతావాళ్ళు నవ్వేవారు. సబ్బు అరిగిపోయేదాకా స్నానం చేసేవాణ్ణి. ముప్పై ఏళ్ళు గడిచినా "వాసన" అన్న మాట చెవిన పడితే నా ఒళ్ళు బిగుసుకుంటుంది. దీన్ని సాకుగా చెప్పడం లేదు. తర్వాత నేను చేసినదానికి ఇది సాకు కాదు. కానీ ఇది చెప్పకపోతే అది అర్థం కాదు.

కరోనా తర్వాత స్కూళ్ళు పూర్తిగా తెరిచిన ఏడాది మొదలైంది ఇది. పళ్ళు తోముకుంటే నురగ గులాబీ రంగులో వచ్చేది. బ్రష్షు గట్టిదై ఉంటుందనుకుని మార్చాను. రక్తం వచ్చే చోట తోమడం మానేశాను. అదే నేను చేసిన పెద్ద తప్పని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. జామకాయ కొరికితే తెల్లటి గుజ్జు మీద ఎర్రటి గీత ఉండేది. చొక్కా అంచుతో తుడిచి తినేసేవాణ్ణి. నొప్పి ఉంటే భయపడేవాణ్ణేమో. నొప్పి లేదు. నొప్పి లేనిది జబ్బెలా అవుతుందనుకున్నాను. పసుపు, ఉప్పు కలిపి రుద్దాను. లవంగం బుగ్గన పెట్టుకున్నాను. బజార్లో దొరికే నీలం రంగు మందు నీళ్ళు పుక్కిలించాను. నాలుగు రోజులు బాగున్నట్టే ఉండేది.

అప్పుడింకా క్లాసులో మాస్కులు పెట్టుకునేవాళ్ళం. మాస్కులోపల నా ఊపిరి నాకే ఒక్కోసారి అదోలా అనిపించేది. మాస్కు ఉతకలేదనుకున్నాను.

మాస్కులు తీసేశాక తొమ్మిదో తరగతిలో ఒక సంగతి గమనించాను. మొదటి బెంచీ పిల్లలు, నేను దగ్గరకొచ్చి పాఠం చెబుతుంటే పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని చదివేవారు. నోట్సు దిద్దించుకోవడానికి వస్తే బల్లకి ఆ చివర నిలబడేవారు. నేనంటే భయం అనుకున్నాను. ఆ భయం చూసి నాలో నేను కాస్త గర్వపడ్డాను కూడా. ఇవాళ ఈ వాక్యం రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

ఆ ఏడాదే మా స్కూలుకి విజయకుమారి టీచరు గారు వచ్చారు. తెలుగు చెబుతారు. ఇల్లు గుడ్లవల్లేరులో. రోజూ రైల్లో వచ్చి వెళ్ళేవారు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. తక్కువ మాట్లాడే మనిషి. పరీక్షల డ్యూటీల్లో మా ఇద్దరికీ ఒకే గది పడేది.

ఆగస్టులో ఒక రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ స్టాఫు రూము నుంచి లేచి వెళ్ళేదాకా ఆగి, నేను డబ్బా కడుక్కుంటుంటే ఆవిడ పంపు దగ్గరకొచ్చారు.

"మాస్టారూ, ఒక మాట చెప్తాను. ఏమీ అనుకోరు కదా?"

"చెప్పండి టీచరు గారూ."

"మీరు మాట్లాడుతుంటే నోటి నుంచి ఒక రకం వాసన వస్తోందండీ. మా నాన్నగారికీ ఇలాగే ఉండేది. చిగుళ్ళ జబ్బని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే పళ్ళన్నీ..."

నేను పూర్తిగా వినలేదు. నాకు ఒక్క మాటే వినబడింది.

"ఏమన్నారు? వాసనా?" నా గొంతు నాకే తెలియనంతగా లేచింది. "అవునండీ, చేపలోళ్ళం. మా దగ్గర నీచు కంపు కాక సెంటు వాసన వస్తుందా? కిటికీ తెరుచుకుని కూర్చోండి!"

"అయ్యో, అది కాదండీ మాస్టారూ. నేనన్నది..."

"మీరన్నది నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను!"

టీచర్లందరూ వెనక్కి వచ్చారు. కిటికీల్లోంచి పిల్లలు చూస్తున్నారు. హెడ్మాస్టారు గారు పరుగున వచ్చి ఏమైందన్నారు. నేను చెప్పాను. నాకు వినబడింది చెప్పాను. "నా కులం పేరు పెట్టి వాసనన్నారు" అన్నాను. ఆవిడ కులం మాటే ఎత్తలేదు. ఆవిడ మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయి, ఆ సంగతి అందరి ముందూ విడమరిచి చెబితే నా పరువు ఇంకా పోతుందనుకున్నారో ఏమో, ఆగిపోయారు. రెండు చేతులూ జోడించి, "తప్పు నాదేనండీ. క్షమించండి" అన్నారు.

ఆవిడ అలా ఎందుకు ఆగారో అర్థం కావడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

స్టాఫంతా నా పక్షాన నిలబడ్డారు. లెక్కల మాస్టారు ప్రసాదరావు గారు నా భుజం మీద చెయ్యేసి, "మీరు ఊరుకోకూడదు మాస్టారూ" అన్నారు. ఆ రోజు నుంచి విజయకుమారి గారు తన క్లాసురూములోనే భోజనం చేసేవారు. ఎవరైనా పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చేవారు. వేసవి బదిలీల్లో గుడివాడ అవతల ఒక స్కూలు కోరుకుని వెళ్ళిపోయారు. ఆవిడ వెళ్ళిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడ సుజాతతో, "పోయింది. పీడ వదిలింది" అన్నాను. సుజాత వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ చలికాలం అమ్మని చూడ్డానికి నాగాయలంక వెళ్ళి వస్తూ తేగలు తెచ్చాను. ఆదివారం పొద్దున వరండాలో కూర్చుని ఒక తేగ పీచు పళ్ళతో లాగుతుంటే ముందు పన్ను కదిలింది. వేలు పెట్టి చూశాను. అటూ ఇటూ ఊగుతోంది. పక్కదీ అంతే. అద్దం దగ్గరకెళ్ళి పెదవి పైకెత్తి, చాలా రోజుల తర్వాత నా నోటిని నేను చూసుకున్నాను. చిగుళ్ళు ముదురు ఎరుపులో ఉబ్బి ఉన్నాయి. పళ్ళు కిందకి సాగినట్టు పొడుగ్గా కనిపించాయి. మొదళ్ళలో గార నల్లగా గట్టిపడి ఉంది. వేలితో నొక్కితే చీము వచ్చింది.

సుజాతను పిలిచాను. వచ్చి చూసింది. కంగారు పడుతుందనుకున్నాను. పడలేదు. తెలిసిన సంగతి చూసినట్టు చూసింది.

"ఇవాళైనా డాక్టరు దగ్గరకి వెళ్దామా అండీ?" అంది.

"ఇవాళైనా అంటే?"

తలుపు పట్టుకుని నిలబడింది. "మూడేళ్ళుగా తెలుసు. రాత్రిళ్ళు నేను అటు తిరిగి పడుకోవడం మీరు గమనించలేదా? పిల్లది మీ దగ్గర కూర్చుని చదవడం ఎప్పుడు మానేసిందో గమనించలేదా?"

"మరి చెప్పవేం?"

"ఆ టీచరు గారు చెబితే ఏం చేశారు?"

అద్దం వైపు తిరిగి, "అయితే ఆవిడ చెప్పింది నిజమేనా?" అని అడిగాను.

"నిజమేనండీ" అంది. "నేను చెప్పాల్సిన మాట ఆవిడ చెప్పింది. ఆవిడ పోయిందని మీరు సంతోషంగా చెప్పిన రోజు నాకు అన్నం దిగలేదు."

మా అమ్మాయి పది చదువుతోంది. లోపల గదిలోంచి మా మాటలు వింటూనే ఉండుంటుంది. బయటకి రాలేదు. ఆ పూట నేనూ గదిలోంచి బయటకి రాలేదు.

మర్నాడు బందరులో పళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్ళాం. పెద్దాయన. కుర్చీలో పడుకోబెట్టి లైటు వేసి, సన్నటి సూదిలాంటిదాంతో పన్ను పన్నుకీ లోతు చూస్తూ పక్కనున్న అమ్మాయికి అంకెలు చెబుతున్నాడు. ఆ అంకెలు పెరుగుతూ పోయాయి.

"రక్తం ఎన్నాళ్ళ నుంచి వస్తోందండీ?"

"ఈ మధ్యనే..."

"మూడేళ్ళండీ" అంది సుజాత.

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. "ఇది నెప్పి పెట్టకుండా తినేసే జబ్బండీ. రక్తం వచ్చిందంటే లోపల మొదలైందనే. అప్పుడే వచ్చుంటే శుభ్రం చేసి పంపేసేవాణ్ణి. ఇప్పుడు చిగురు కింద ఎముక కూడా తరిగింది. ఆ రెండు పళ్ళూ నిలబడవు. మిగతావి కాపాడుకోవాలి. గుడివాడలో చిగుళ్ళ స్పెషలిస్టు ఒకావిడ ఉంది, రాసిస్తాను. ముందు షుగరు పరీక్ష చేయించుకోండి." చేతులు కడుక్కుంటూ మామూలుగా అడిగాడు: "మూడేళ్ళంటే వాసన కూడా బాగానే ఉండుంటుంది. ఎవరూ చెప్పలేదా?"

సుజాత తల దించుకుంది.

షుగరు చాలా ఎక్కువే ఉంది. షుగరు వల్ల చిగుళ్ళు పాడవుతాయట, చిగుళ్ళ వల్ల షుగరు పెరుగుతుందట. ఒకటి ఎక్కువై రెండోదాన్ని లాక్కొస్తుందన్నమాట. ఆ రాత్రి అన్నం బదులు చపాతీ తింటూ, ముందు పళ్ళతో కొరకలేక ముక్కలు చేసి వెనక పళ్ళతో నములుతుంటే, మా అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. చపాతీ తనే తుంచి పెట్టింది. ఇంత దగ్గరగా కూర్చుందే అని నేను చేత్తో నోరు మూసుకున్నాను. "ఫర్లేదు నాన్నా" అంది.

జనవరి నుంచి గుడివాడ ప్రయాణాలు మొదలయ్యాయి. సెలవు పెట్టి పొద్దున రైలెక్కేవాణ్ణి. పెడన, కవుతరం, ఆ తర్వాత గుడ్లవల్లేరు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు బిలబిలా దిగిపోయేవారు. ఆ స్టేషను రాగానే నేను పేపరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఆవిడ రైలెక్కే స్టేషను అది. ఒకసారి పేపరు తలకిందులుగా పట్టుకున్నానని ఎదురు సీట్లో ఒకాయన చెప్పాడు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. నోరు తెరవమంటే తెరవలేకపోయాను. "వాసనొస్తుందమ్మా" అన్నాను. నా గురించి ఆ మాట నేనే ఒప్పుకుని అనడం అదే మొదటిసారి.

"రానివ్వండి. అది పోగొట్టడానికేగా నేనుంది" అంది. లైటు దించి, నా ముఖం మీదకి వంగి, మొహం చిట్లించకుండా చూసింది. మాస్కు ఉందనుకోండి. అయినా, మూడేళ్ళలో నా నోటికి అంత దగ్గరగా వచ్చి అంతసేపు వెనక్కి జరగకుండా ఉన్న మనిషి ఆమే. నా కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఇంకా ఇంజక్షను కూడా ఇవ్వలేదు. నొప్పనుకుని ఆగింది. కాదని చెయ్యి ఊపాను.

నోటిని నాలుగు భాగాలు చేసుకుని, ఒక్కో భాగానికి మత్తిచ్చి, చిగురు లోపలికి వెళ్ళి గార గీకేది. ఎముక మీద గీకుతున్న చప్పుడు తలంతా వినబడేది. రెండు పళ్ళూ రెండోసారికే తీసేసింది. అవి చేతిలో పెట్టినట్టు తేలిగ్గా ఊడొచ్చాయి. వెయిటింగ్ హాల్లో పెడన నుంచి వచ్చే ఒక ముసలావిడ ఉండేది, కట్టుడు పళ్ళ కొలతలకి వస్తుండేది. నోటికి దూది కరిచిపెట్టుకుని కూర్చున్న నన్ను చూసి, "నాకు ముప్పైరెండూ పోయినయ్యి బాబూ. రెండిటికే అట్టా కూలబడితే ఎట్టా?" అని తన మంచినీళ్ళ సీసా నా ఒళ్ళో పెట్టింది. ఆ మాటకి నవ్వబోయి, నోరు తెరవడానికి మొహమాటపడి ఆగాను.

ఫిబ్రవరిలో నాలుగోసారి వెళ్ళినప్పుడు పదకొండుకల్లా పని అయిపోయింది. క్లినిక్కు మెట్లు దిగి స్టేషనుకి వెళ్ళాల్సినవాణ్ణి, విజయకుమారి గారి స్కూలు ఉన్న ఊరికి ఆటో ఎక్కాను. ముందు అనుకున్నది కాదు. ముందే అనుకుని ఉంటే వెళ్ళగలిగేవాణ్ణి కాను.

మధ్యాహ్న భోజనాలు అయిపోతున్నాయి. వరండాలో ఆవిడ పిల్లల కంచాలు చూస్తున్నారు. నన్ను చూసి ఒకడుగు వెనక్కి వేశారు. ఆ అడుగు నేను మర్చిపోలేను.

నా ముఖం కుడివైపంతా మత్తులో ఉంది. మాట సరిగ్గా తిరగడం లేదు. "టీచరు గారూ, మీరు చెప్పింది నిజం. నేను..." అంటుంటే పెదవి పక్కనుంచి చొంగ కారింది. తుడుచుకోబోతే జేబురుమాలు దొరకలేదు. మోచేత్తో తుడుచుకున్నాను. ఆవిడ కుర్చీ లాగి కూర్చోమన్నారు. నేను చెప్పాలనుకున్నవన్నీ ఆ వంకర మూతితోనే చెప్పాను. హాస్టలు సంగతి కూడా చెప్పాను.

ఆవిడ చివరిదాకా విన్నారు. "మీరు అలా ఎందుకు అరిచారో అప్పుడే కొంత తెలిసిందండీ" అన్నారు. "అందుకే ఎవరికీ విడమరిచి చెప్పలేదు. కానీ మాస్టారూ, ఆ రోజు తర్వాత నేనెవరికీ ఏమీ చెప్పడం మానేశాను."

వరండా చివర అటెండరు గంట దగ్గర కూర్చుని మజ్జిగన్నం తింటున్నాడు. ఆవిడ అటు చూసి గొంతు తగ్గించారు. "నాంచారయ్య గారని. ఖైనీ వేస్తారు. రెండు నెలలుగా కారం తినలేకపోతున్నారు. ఆవులిస్తుంటే చూశాను, బుగ్గ లోపల తెల్లగా ఉంది. చెబుదామని రెండుసార్లు లేచానండీ. మీ అరుపు గుర్తొచ్చి కూర్చున్నాను."

చిగుళ్ళు గీకినప్పుడు కూడా నాకంత నొప్పి తెలియలేదు.

లేచి నాంచారయ్య దగ్గరకెళ్ళాను. పక్కన గచ్చు మీద కూర్చుని, ఎవరో ఏమిటో చెప్పి, "ఒకసారి ఇటు చూడు బాబాయ్" అని పెదవి పైకెత్తాను. ఊడిన పళ్ళ చోట ఎర్రటి గుంటలు, వాచిన చిగుళ్ళు. బయటి మనుషుల ముందు అలా నోరు తెరవడం అదే మొదటిసారి.

"అబ్బో! ఏందయ్యా అది?" అన్నాడు కంచం పక్కన పెట్టి.

"చెబితే వినకపోతే ఇట్టా అయింది. నీ నోట్లో తెల్లగా ఏదో ఉందట గదా."

అతనికి కోపం వచ్చింది. "ఎవరు చెప్పారు?" అని టీచరు గారి వైపు చూశాడు. ఆవిడ అక్కడే నిలబడ్డారు. ఈసారి చేతులు జోడించలేదు. "నేనేనండీ నాంచారయ్య గారూ. ముందే చెప్పాల్సింది" అన్నారు. అతను కంచం మళ్ళీ ముందుకు లాక్కుని చాలాసేపు మజ్జిగన్నం కలుపుతూ కూర్చున్నాడు. ఆనక, "ఎప్పుడెళ్ళాలి?" అన్నాడు.

తర్వాతి వారం ముగ్గురం కలిసి మా డాక్టరమ్మ దగ్గరకే వెళ్ళాం. అతని బుగ్గలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించింది. జవాబు వచ్చేదాకా తొమ్మిది రోజులు నేను సరిగ్గా నిద్రపోలేదు. క్యాన్సరు కాదన్నారు. ఖైనీ మానకపోతే ఇవాళ కాకపోయినా అవుతుందన్నారు. మానేశానని చెబుతాడు. టీచరు గారు ఇప్పుడు రోజూ జేబు చూపించమంటారట.

అయితే ఆ మొదటి రోజు నేను ఆటో ఎక్కబోతుంటే విజయకుమారి గారు గేటు దాకా వచ్చి ఇంకో మాట అన్నారు. "మీరొచ్చి చెప్పారు, సంతోషం. కానీ మాస్టారూ, అరిచింది ఇక్కడ కాదు కదండీ."

అంతే. గేటు వేసి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు మా స్టాఫు రూములో అందరూ డబ్బాలు విప్పుకుంటున్నప్పుడు లేచి నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి, బల్ల అంచు పట్టుకోవాల్సి వచ్చింది. ముందు పళ్ళు లేక మాట ఈలలా వస్తోంది. "విజయకుమారి టీచరు గారు నా కులం గురించి ఏమీ అనలేదు. నా నోటి జబ్బు గురించి చెప్పారు. చాటుగా, మర్యాదగా చెప్పారు. నేను మీ అందరికీ అబద్ధం చెప్పాను. ఆవిడ ఈ స్కూలు వదిలి వెళ్ళింది నా వల్ల" అన్నాను. ఇంకేదో కూడా అనాలనుకున్నాను, గుర్తు రాలేదు. కూర్చున్నాను.

ఎవరూ తినడం లేదు. హెడ్మాస్టారు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"మాకూ తెలుసు మాస్టారూ" అన్నారు ప్రసాదరావు గారు.

ఏం తెలుసో నాకు అర్థం కాలేదు.

"మీ నోటి సంగతి. అందరికీ తెలుసు. ఆ రోజు ఆవిడ ఏమని ఉంటారో కూడా కొంత ఊహించాం. అయినా మీ పక్కనే నిలబడ్డాం. అదే తేలికైన పని." ఆయన నా కళ్ళలోకి చూడలేదు. నేనూ చూడలేదు.

తర్వాతి పీరియడు గంట కొట్టారు. లేచి వెళ్ళాల్సినవాళ్ళు కూడా కదల్లేదు. ప్రసాదరావు గారు డబ్బా మూత పెట్టి, జేబులోంచి ఫోను తీశారు.

"ఆవిడ నంబరు పాతదేనా మాస్టారూ?" అని అడిగారు.